నమ్మదగిన ఉపాసిక

తాను ఇరవై రెండేళ్ళు కూర్చుని రాసిన పుస్తకాన్ని ఒక మనిషి శ్రద్ధగా చదివి, గుర్తులు పెట్టుకుని, ఎదురుగా తెరిచి చూపిస్తే ఏ రచయితకైనా సంతోషం కలగాలి. హెలెన్‌కి మాత్రం ఒళ్ళు మండింది. విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర మూడో అంతస్తు ఆఫీసులో, కింది హారన్ల మోత వినపడని ఏసీ గదిలో, గాజు బల్ల మీద నలభై ఆరో పేజీ తెరిచి ఉంది. అందులోని పట్టికలో ఒక వరస మొత్తం పసుపు మార్కర్‌తో రుద్ది ఉంది.

“మీరు రాసిందే మేడమ్ గారూ. మేం సొంతంగా ఒక్క ముక్క కలపలేదు,” అన్నాడు హర్షవర్ధన్. “మీరు సంతకం పెడితే పద్ధతిగా ఉంటుందని పిలిపించాను. కాఫీ చెప్పమంటారా, టీ చెప్పమంటారా?”

హర్షవర్ధన్ పొలాలు కొని ప్లాట్లు చేసి అమ్ముతాడు. కంకిపాడు అవతల కాలవ గట్టున మూడెకరాల్లో కట్టిన బౌద్ధారామానికి కార్యదర్శి కూడా ఆయనే. ఆరామంలో ఉండే భిక్షువు ఒక్కరే. అందరూ ఆయన్ని భంతే గారు అంటారు. ఆదివారం వస్తే విజయవాడ నుంచి డాక్టర్లూ లెక్చరర్లూ కార్లేసుకుని ఆయన దగ్గరికి ధ్యానానికి వెళతారు. హెలెన్ కూడా నెలకోసారి వెళ్ళి, భిక్షువులకీ భిక్షుణులకీ ఉండే నియమాల మీద పాఠం చెప్పి వస్తుంది.

డిగ్రీ కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరైన క్యాథలిక్ మనిషికి బౌద్ధ భిక్షుణులతో పనేమిటని చాలామంది అడిగారు. ఆమె మేనత్త శౌరమ్మ కాన్వెంటులో సిస్టర్. సెలవులకి ఇంటికొచ్చినప్పుడు ఆమె పెట్టెలో చిన్న నియమావళి పుస్తకం ఉండేది. ఉత్తరం రాస్తే పైవారికి చూపించి పంపాలి, బజారుకి ఒంటరిగా వెళ్ళకూడదు, ఇలా పేజీలకి పేజీలు. పదేళ్ళ హెలెన్ అది దొంగతనంగా చదివి, ఇన్నిటికి అత్తయ్య ఎందుకు తలూపిందా అని తెల్లబోయింది. ఆ ప్రశ్నే పెద్దయ్యాక ఆమెని రెండువేల ఏళ్ళు వెనక్కి నడిపించింది. ప్రాచీన బౌద్ధంలో ఐదు సంప్రదాయాల భిక్షుణీ నియమాలు తెచ్చి పక్కపక్కన పెట్టింది. ఒకచోట మూడు వందల పదకొండు, ఇంకోచోట మూడు వందల నలభై ఎనిమిది. ఎక్కడ ఏది పెరిగింది, ఎక్కడ ఏది తగ్గింది, ఎవరి సౌకర్యం కోసం అన్నదే ఆమె పుస్తకం.

హర్షవర్ధన్ టైపు చేయించిన కాగితం ముందుకి జరిపాడు. హెలెన్ కళ్ళజోడు సవరించుకుని చదివింది.

“వినయ పిటక నియమాల ప్రకారం భిక్షుణి గానీ, ఆ మార్గంలో ఉన్న స్త్రీ గానీ భిక్షువుపై దోషం మోపరాదు. అన్ని ప్రాచీన సంప్రదాయాల్లోనూ ఇది ఒక్కటే. కుమారి సింధూరి ఈ నియమాన్ని మీరి పూజ్య భంతే గారిపై నిందారోపణ చేసినందున ఆమెను ఆరామం నుంచి తొలగించడమైనది. ఆమెకు దీక్ష ఇవ్వవలదని ఇతర విహారాలకు మనవి.”

కింద హెలెన్ పేరు, డిగ్రీలు, సంతకానికి ఖాళీ.

సింధూరి కొండపల్లిలో బొమ్మలకు రంగులు వేసే ఇంటి పిల్ల. ఇరవై ఆరేళ్ళు. మందుల కంపెనీలో ఉద్యోగం మానేసి, రెండేళ్ళుగా తెల్లబట్టలు కట్టుకుని శీలాలనే ఎనిమిది వ్రత నియమాలు పాటిస్తూ ఆరామంలో ఉంటోంది. వచ్చే నెల శ్రీలంక వెళ్ళి దీక్ష తీసుకోవాలి. దానికి ఇక్కడి నుంచి పరిచయ పత్రం కావాలి. దాని బదులు వెళ్ళబోయేది ఈ కాగితం.

“నిందారోపణ అంటే? ఏమంది ఆ పిల్ల?”

“అదేముందిలెండి మేడమ్. స్టోరు రూములో భంతే గారు చెయ్యి పట్టుకున్నారంట. తలుపు గడేశారంట. వయసులో ఉన్న పిల్లలు, ధ్యానం ఎక్కువైతే ఏవేవో ఊహించుకుంటారు. పున్నమికి ప్రవారణ పండగ పెట్టుకున్నాం. బయట నుంచి నలుగురు భంతేలు వస్తున్నారు. ఫ్లెక్సీలు కూడా కట్టించాం. ఈలోపు ఇది సర్దేయాలి.”

సర్దేయాలట. వంటగదిలో గిన్నెలు సర్దినట్టు! హెలెన్ కాగితం మడిచి సంచీలో పెట్టుకుంది, పుస్తకం కూడా లాక్కుంది. “చదివి చెబుతాను,” అని లేచింది. టీ తెచ్చిన మనిషి గుమ్మంలోనే ఉండిపోయాడు.

ఆటోలో కూర్చున్నాక నలభై ఆరో పేజీ మళ్ళీ తీసింది. ఆ వరసలో ఐదు గళ్ళున్నాయి. మొదటి గడిలో “భిక్షుణి భిక్షువు తప్పు ఎత్తి చూపరాదు” అని ఉంది. మిగిలిన నాలుగింటిలో డిటో, డిటో, డిటో, డిటో.

అది తాను రాసిందే. ప్రెస్సువాళ్ళు తొందరపెడుతున్నారని, ఆ వారం జ్వరంగా ఉందని, ఈ నియమం ఎలాగూ అన్నిచోట్లా ఉన్నదేగా అని అలా కొట్టేసింది. ఒకటి కాదని తనకి తెలుసు. కృష్ణా ఒడ్డున స్తూపాలు లేచిన కాలంలో ఇక్కడ మసిలిన శాఖల్లో చాలావాటికి మూలం మహాసాంఘికులు. వాళ్ళ పాఠంలోనే, ఆ భిక్షువు చుట్టమైతే మెత్తని మాటలతో బుద్ధి చెప్పవచ్చని ఒక సందు ఉంది. ఆ సందుని తానే ఒక్క మాటతో పూడ్చేసింది. ఊళ్ళో వాళ్ళ తప్పులు భూతద్దం పెట్టి వెతికే మనిషి, సొంత బద్ధకాన్ని అచ్చువేయించి పంచిపెట్టింది. తన చెంప తానే పగలగొట్టుకోవాలనిపించింది.

పటమటలో లేడీస్ హాస్టల్ రెండో అంతస్తులో, ఆరామం వదిలి వచ్చిన సింధూరి మంచం మీద కూర్చుని ఉంది. ఇంకా తెల్లబట్టల్లోనే ఉంది. హెలెన్ కుర్చీ లాక్కుని కూర్చుంది, నోట్‌బుక్ తీసింది, అడగడం మొదలుపెట్టింది. ఏ రోజు? భోజనం ముందా, తర్వాతా? ఇద్దరూ కూర్చుని ఉన్నారా, నిలబడి ఉన్నారా? తలుపు దగ్గరగా వేసి ఉందా, గడియ పెట్టి ఉందా? కూర్చుంటే ఒక నియమం, నిలబడితే ఇంకో నియమం. చాటు అయితే ఒకటి, బయటికి కనపడే చోటైతే ఇంకోటి. ఆమె పెన్ను ఆగడం లేదు.

“కూర్చోమన్నాడు. కూర్చున్నాను,” అంది సింధూరి. “శ్రీలంకకి రాసే ఉత్తరం గురించి మాట్లాడాలన్నాడు. లేచి గడియ పెట్టాడు. చెయ్యి పట్టుకున్నాడు. లాక్కున్నాను, వదల్లేదు. ఇది కూడా సాధనేనన్నాడు మేడమ్. వెలుతురు కూడా సరిగా లేదక్కడ, బియ్యం బస్తాల మధ్య.”

“ఎవరైనా చూశారా?”

సింధూరి ఆమెకేసి అదోలా చూసింది.

“వంట చేసే రావమ్మక్క వచ్చి తలుపు కొట్టింది. అప్పుడు వదిలాడు,” అని మంచం మీదున్న దుప్పటి మడతపెట్టడం మొదలుపెట్టింది. మడతపెట్టిన దుప్పటినే విప్పి మళ్ళీ మడతపెట్టింది. “ఇంక రాసుకోవడం అయిందా మేడమ్?”

హెలెన్‌కి ఆ గొంతులోని చేదు తెలిసింది గానీ ఆగి దాన్ని పట్టించుకునేంత తీరిక లేకపోయింది. తలుపు కొట్టిందంటే రావమ్మ చూసే ఉంటుందన్న ఆలోచనతో ఆమె బుర్ర పరుగు అందుకుంది.

భిక్షువుల నియమాల్లో రెండు వింతవి ఉన్నాయి. వాటికి శిక్ష ఏమిటో ముందే తేల్చి ఉండదు. భిక్షువు ఒక ఆడమనిషితో చాటున ఒంటరిగా కూర్చుని ఉండగా, నమ్మదగిన ఉపాసిక చూసి చెబితే, ఆమె చెప్పినదాన్ని బట్టి సంఘం ఆ భిక్షువుని విచారించాలి. ఉపాసిక అంటే గొప్ప పండితురాలేం కాదు, శరణు చొచ్చి శీలాలు తీసుకున్న ఇల్లాలు. మిగతా నియమాలు ఒకచోట పెరిగాయి, ఒకచోట తగ్గాయి. ఈ రెండు మాత్రం ప్రతి సంప్రదాయంలోనూ రెండే. అయితే ఇవి భిక్షుణుల జాబితాలో లేవు. హెలెన్ పుస్తకం భిక్షుణుల మీద. అందుకని ఇరవై రెండేళ్ళలో ఆ రెండింటికీ ఆమె ఇచ్చిన చోటు ఒక పేజీ అడుగున ఒక్క లైను.

ఇంకొకటి, అసలు సింధూరి భిక్షుణే కాదు. ఇంకా దీక్షే తీసుకోలేదు. లేని కాషాయానికి ఉన్న నోరు కట్టేశారు! ‘ఆ మార్గంలో ఉన్న స్త్రీ గానీ’ అన్న ముక్క ఏ సంప్రదాయంలోనూ లేదు. అది బెంజ్ సర్కిల్ సంప్రదాయం.

మర్నాడు పొద్దున్నే బస్సెక్కి కంకిపాడులో దిగి, అక్కడి నుంచి ఆటోలో ఆరామానికి వెళ్ళింది. కాలవ నిండా నీళ్ళున్నాయి. అటూ ఇటూ వరి పొట్ట మీద ఉంది. ఇంత పచ్చదనం చూస్తే మామూలుగా ఆమెకి ప్రాణం లేచొచ్చేది. ఇవాళ దాని వంక కూడా చూడలేదు. తిన్నగా వంటగదిలోకి పోయింది.

రావమ్మ బెండకాయలు తరుగుతోంది. యాభై దాటిన మనిషి. భర్త పోయాక కూతురినీ మనవరాలినీ వెంటబెట్టుకుని ఆరామం వెనక గదిలో ఉంటోంది. పదకొండున్నరకల్లా భంతే గారికి భోజనం పెట్టాలి. మధ్యాహ్నం దాటితే ఆయన తినకూడదు. ఆ నియమం మాత్రం ఆరామంలో నిమిషం తేడా లేకుండా జరుగుతుంది.

“రావమ్మా, ఆ రోజు నువ్వేం చూశావు?”

రావమ్మ కత్తిపీట మీద చెయ్యి ఆపలేదు. “చింతపండు కోసం వెళ్ళానమ్మగారూ. తలుపు రాలా. కిటికీకి జాలీ చిరిగి ఉంది గదా, అందులోంచి చూశా. ఆ పిల్ల చెయ్యి గుంజుకుంటంది. ఈయన వదల్లా. తలుపు దబదబా బాదాను.”

“పదిహేను రోజులైంది. ఎవరికీ చెప్పలేదేం?”

“నన్నెవరడిగారమ్మా?” అంది రావమ్మ. “సెక్రటరీ గారు వచ్చారు, మీ పుస్తకం తెప్పించుకు చూశారు. డాక్టరు గారు వచ్చారు, ఆయనా పుస్తకమే చూశారు. వంటదాన్ని అడగాలని ఎవరికి తోచిద్ది?”

నిజమే అనుకుంది హెలెన్. శాస్త్రాన్ని అడిగారు, తన పుస్తకాన్ని అడిగారు. పది అడుగుల దూరంలో కూర కోస్తున్న కళ్ళని అడిగిన మనిషి లేడు. తానైనా ఎందుకొచ్చింది? ఒక నియమానికి సాక్షి కావాల్సి వచ్చింది గనక.

“నాలుగు మాటలు అందరి ముందూ చెబుతావా?”

“చెప్తే ఆ గది ఉండనిస్తారా నాకు? మనవరాలిని ఇక్కడి స్కూల్లోనే వేశాం.” రావమ్మ గొంతులో భయం కంటే విసుగే ఎక్కువ ఉంది. “మీరైతే చెప్పి బస్సెక్కుతారు.”

“నీ పేరు నేనెత్తను,” అంది హెలెన్. అంతకంటే అడిగే హక్కు తనకి లేదనిపించింది. బయటికొచ్చి, గేటు దగ్గర కడుతున్న ఫ్లెక్సీ చూసి అక్కడే నిలబడి నవ్వింది. నవ్వంటే నవ్వు కాదు, పళ్ళు కొరకడం. భంతే గారి నిలువెత్తు బొమ్మ పక్కన పెద్ద అక్షరాల్లో రాసి ఉంది: “నాలో తప్పు కనిపిస్తే చెప్పండి.”

ప్రవారణ అంటే అదే మరి. వానాకాలం మూణ్ణెల్లూ ఒక్కచోట ఉన్న భిక్షువులు, చివరి పున్నమికి ఒకరి ముందు ఒకరు మోకరిల్లి, నాలో తప్పు చూసి ఉంటే, విని ఉంటే, అనుమానించి ఉంటే దయతో చెప్పండి, దిద్దుకుంటాను అని మూడుసార్లు అడుగుతారు. అన్ని సంప్రదాయాల్లోనూ ఉంది. సంఘంగా చెయ్యాలంటే ఐదుగురు కావాలి గనక ఏటా బయట నుంచి నలుగుర్ని పిలుస్తారు. అది భిక్షువుల మధ్య జరిగేదే గానీ, ఈ ఆరామంలో మాత్రం ముందుగా భక్తులందరి ఎదుటా భంతే గారు తెలుగులో ఒకసారి అడుగుతారు. ఆయన వినయానికి అందరూ కళ్ళు తుడుచుకుంటారు. ఎవరూ ఏమీ అనరు. ‘సాధు’ అని మూడుసార్లు అని భోజనాలకి లేస్తారు.

పున్నమి నాడు హాలు నిండిపోయింది. వేదిక మీద ఐదుగురు భిక్షువులు ఉన్నారు. నడుమ శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన ముసలాయన, చెవి కాస్త దూరం. ఆడవాళ్ళ వరసలో ఆఖరున హెలెన్, ఆమె పక్కన సింధూరి. రానంటే రానంది సింధూరి. “నీ గురించి మాట్లాడేటప్పుడు నువ్వు లేకుండా ఎందుకు మాట్లాడాలి?” అంటే అప్పుడు చెప్పులేసుకుంది. వాళ్ళని చూసి హర్షవర్ధన్ రెండుసార్లు లేచి రెండుసార్లు కూర్చున్నాడు.

భంతే గారు మోకాళ్ళ మీద కూర్చుని చేతులు జోడించారు. మంచి గొంతు ఆయనది. “చూసింది గానీ, విన్నది గానీ, అనుమానించింది గానీ, నాలో తప్పేదైనా ఉంటే కరుణతో చెప్పండి.”

హర్షవర్ధన్ సాధు అనడానికి నోరు తెరిచాడు.

“నేను విన్నాను,” అంది హెలెన్.

హాలులో తలలన్నీ ఇటు తిరిగాయి. ఆమె లేచి నిలబడింది. 

“నేను చూడలేదు. విన్నాను. విన్నది కూడా చెప్పమన్నారు గనక చెబుతున్నాను. స్టోరు గదిలో గడియ పెట్టి మీరు సింధూరి చెయ్యి పట్టుకున్నారని విన్నాను. ఆడమనిషి భిక్షువు తప్పు ఎత్తకూడదని నా పుస్తకంలో నలభై ఆరో పేజీ చూపించి ఈ పిల్ల నోరు నొక్కుతున్నారు. ఆ పేజీ తప్పు. రాసిన మనిషిని నేనే, బద్ధకంతో తప్పు రాశాను. ఆ నియమం భిక్షుణులది. ఈమె భిక్షుణి కాదు. అందరి సంప్రదాయమూ ఒకటే కూడా కాదు. మీరు సంతకం పెట్టమన్న కాగితం ఇదిగో హర్షవర్ధన్ గారూ, చింపేస్తున్నాను. ఇంకో కాపీ తీయించుకుంటారేమో, దాన్నీ చింపుతాను.”

“మేడమ్ గారూ, ఇది పద్ధతి కాదండీ!” హర్షవర్ధన్ గొంతు కీచుగా లేచింది. “విన్నారంట! ఎవరు పడితే వాళ్ళు విన్నవన్నీ ఇక్కడ చెప్పుకుంటామా? చూసినవాళ్ళు ఉన్నారా అసలు?”

ముసలి భిక్షువు పక్కనున్న ఆయన్ని అడిగి సంగతి తెలుసుకున్నాడు. తర్వాత సభకేసి చూసి, “చూసినవారున్నారా?” అని ఆయన కూడా అడిగాడు. హెలెన్ నేల చూపులు చూసింది. మాటిచ్చింది గనక పేరెత్తలేదు. నాలిక మాత్రం నోట్లో కాలిపోతోంది.

“నేను చూశానండి.”

వంటగది వైపు గుమ్మంలో రావమ్మ నిలబడి ఉంది. చేతులు ఇంకా తడిగానే ఉన్నాయి. కొంగుకి తుడుచుకుంటూ నాలుగడుగులు ముందుకొచ్చి, హెలెన్‌కి వంటగదిలో చెప్పిన మాటలే, అదే వరసలో చెప్పింది. చింతపండు, రాని తలుపు, చిరిగిన జాలీ, గుంజుకుంటున్న చెయ్యి.

“వంటమనిషి మాట పట్టుకుని...” అన్నాడు హర్షవర్ధన్.

ముసలాయన చెయ్యెత్తి ఆపాడు. “అమ్మా, నువ్వు శీలాలు తీసుకున్నావా?”

“ఆరేళ్ళైందండి. ఈయన దగ్గరే తీసుకున్నా. అబద్ధమాడనని ఈయన చేతుల్లోనే ఒట్టేశా,” అంది రావమ్మ. “ఆరేళ్ళుగా ఈయనకి అన్నం పెట్టా. ఇవాళ కూడా వండాను. కోపంతో చెప్తన్నానో లేదో మీరే చూసుకోండి. కోపం ఉంది. అబద్ధం లేదు.”

 ముసలాయన భంతే గారివైపు తిరిగి, “ఆ గదిలో ఆమెతో కూర్చున్నావా?” అని అడిగాడు. భంతే గారు ధ్యానం గురించి ఏదో మొదలుపెట్టారు. ఆయన మళ్ళీ అదే మాట అడిగాడు. భంతే గారు శ్రీలంక ఉత్తరం గురించి చెప్పబోయారు. మూడోసారి కూడా ఆయన అదే అడిగాడు, అంతే నెమ్మదిగా.

“కూర్చున్నాను,” అన్నారు భంతే గారు.

సంఘం విచారిస్తుందనీ, తేలేదాకా ఈయన ఉపదేశం ఇవ్వకూడదనీ, శీలాలు ఇవ్వకూడదనీ, ఇవాళే తమతో బయల్దేరాలనీ ముసలాయన చెప్పాడు. సింధూరికి పరిచయ పత్రం తాను రాసిస్తానన్నాడు. రావమ్మ గది జోలికి ఎవరైనా వస్తే ఆ కబురు తనకి పంపమని డాక్టర్లందరి ముందూ హర్షవర్ధన్‌కి వినపడేట్టు అన్నాడు. డాక్టర్లు సెల్‌ఫోన్లు చూసుకుంటూ లేచారు.

హెలెన్‌కి గెలిచినట్టే ఉంది. రెండువేల ఏళ్ళ నాటి నియమం కంకిపాడు దగ్గర కాలవ గట్టున పనిచేసింది! ఆ మాట చెప్పాలని బయటికొచ్చింది. సింధూరి కుళాయి దగ్గర మొహం కడుక్కుంటోంది.

“చూశావా అమ్మాయ్, నమ్మదగిన ఉపాసిక అంటే...”

“చూశాను మేడమ్.” సింధూరి తల ఎత్తింది. మొహం మీద నీళ్ళు కారుతున్నాయి, కళ్ళు మాత్రం నిప్పుల్లా ఉన్నాయి. “రావమ్మక్కకి రుణపడి ఉంటాను. కానీ ఒక్కటి చెప్పండి. ఆమె కిటికీలోంచి చూసింది. నేను ఆ గదిలోనే ఉన్నాను కదా. నేనూ శీలాలు తీసుకున్నదాన్నే. మొట్టమొదట చెప్పింది నేనే. మరి నా మాట నమ్మడానికి మీ ఐదింటిలో ఎక్కడా ఒక్క నియమం లేదా?”

హెలెన్ నోరు తెరిచింది. ఐదు సంప్రదాయాలూ వరసగా తిరగేసింది మనసులో, అలవాటు కొద్దీ. మధ్యలోనే ఆపేసింది.

“నియమం సంగతి పక్కన పెట్టు,” అంది. “నేనే నమ్మలేదు సింధూరీ. నువ్వు చెబుతుంటే రాసుకున్నాను.”